కొత్తవారు ఎక్కడ ఆగిపోతారు? ఈమెయిల్ గుప్తీకరణకు మార్గదర్శిని రాయడం

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత, కొత్తవారి కోసం రాసిన ఒక సాఫ్ట్‌వేర్ మార్గదర్శిని ఎందుకు విఫలమవుతుందో మీరు వివరించగలగాలి. అది ఏ చోట విఫలమైందో గుర్తించి, ఆ చోటును తిరగరాయగలగాలి. ఉదాహరణగా ఈమెయిల్ గుప్తీకరణ సాఫ్ట్‌వేర్‌ను తీసుకున్నాం. ఇందుకు మీకు గణితం గాని, కంప్యూటర్ సైన్సు గాని తెలిసి ఉండనక్కరలేదు. ఈమెయిల్ పంపడం తెలిస్తే చాలు.

ఉపోద్ఘాతం

మీరు పంపిన ఈమెయిల్‌ను మీరు, అవతలివారు మాత్రమే చదవగలరని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఈ రోజుల్లో దారిలో దానికి చాలావరకు రక్షణ ఉంటుంది. కాని మీ ఈమెయిల్ సేవను నడిపే సంస్థ సర్వర్లలోను, అవతలివారి సర్వర్లలోను అది చదవడానికి వీలైన రూపంలోనే ఉంటుంది. సందేశాన్ని మీ కంప్యూటర్‌లోనే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి పంపి, అవతలివారి కంప్యూటర్‌లో మాత్రమే తిరిగి మామూలు రూపంలోకి వచ్చేటట్లు చేయడాన్ని ఇక్కడ గుప్తీకరణ అంటున్నాం.

ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ కొత్తదేమీ కాదు. అమెరికాకు చెందిన ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో పీజీపీ అనే ప్రోగ్రామును విడుదల చేశాడు. ఎగుమతి చట్టాలను ఉల్లంఘించాడేమోనని అక్కడి ప్రభుత్వం అతనిపై కొన్నేళ్లపాటు దర్యాప్తు జరిపి, 1996లో ఏ అభియోగమూ మోపకుండా విరమించుకుంది. జర్మనీకి చెందిన వెర్నర్ కోచ్ అదే పద్ధతిలో పనిచేసే గ్నూపీజీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తయారు చేశాడు. దాని 1.0 వెర్షన్ 1999లో వచ్చింది. అంటే మూడు దశాబ్దాలుగా పనిముట్టు ఉంది. ఉచితంగానూ దొరుకుతోంది. అయినా మీకు తెలిసినవారిలో దాన్ని వాడేవారు ఎందరు? బహుశా ఒక్కరు కూడా ఉండరు.

ఇందుకు సాఫ్ట్‌వేర్ కఠినంగా ఉండటం ఒక కారణం. దాన్ని వివరించిన తీరు ఇంకో కారణం. మన పాఠం ఈ రెండోదాని గురించి.

నా సొంత అనుభవం ఒకటి ముందుగా చెప్పాలి. సుమారు 20 ఏళ్ల కిందట నేను ఒక విశ్వవిద్యాలయానికి ప్రశ్నపత్రం తయారు చేసి పంపవలసి వచ్చింది. అంతకు ముందు ప్రశ్నపత్రాన్ని ఒక కవరులో పెట్టి, ఆ కవరును మరో కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపేవాళ్లం. ఆ ఏడు వ్యవధి లేదు. ‘గుప్తీకరించి ఈమెయిల్‌లో పంపండి’ అని కోరారు. సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చిన మాన్యువల్‌ను ముద్రించుకొని, ఒక ఆదివారమంతా కూర్చుని, అందులో చెప్పిన క్రమంలోనే అన్నీ చేశాను. సోమవారం ఫోను వచ్చింది. “సార్, తెరుచుకోవడం లేదండీ.” మళ్లీ పంపాను. మళ్లీ అదే ఫోను. మూడోసారి అవతలి ఉద్యోగి మొహమాటపడుతూనే, “టైం లేదండీ, మామూలుగానే పంపించేయండి సార్” అన్నారు. పంపించేశాను. వందలమంది రాయబోయే ప్రశ్నపత్రం ఏ రక్షణా లేకుండా వెళ్లిపోయింది. ఏమీ జరగలేదు. కనీసం ఏమీ జరగలేదని నేను అనుకుంటున్నాను.

నేను చేసిన తప్పేమిటో చాలాకాలానికి గాని తెలియలేదు. అదే తప్పు నాకంటే ముందు మరికొందరు పరిశోధకుల కళ్లెదుటే చేశారని ఇంకా తరువాత తెలిసింది.

పన్నెండుమందితో ఒక పరీక్ష

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్మా విట్టెన్, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డగ్ టైగర్ 1999లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ‘జానీ ఎందుకు గుప్తీకరించలేడు’ అని దాని శీర్షికను మనం తెలుగులో చెప్పుకోవచ్చు. ఈమెయిల్ వాడటం తెలిసి, గుప్తీకరణ తెలియని 12 మందిని వారు ఎంచుకున్నారు. ‘మీరు ఒక ఎన్నికల ప్రచారంలో స్వచ్ఛంద కార్యకర్తలు. ఈ రహస్య ప్రణాళికను మీ బృందంలోని వారికి సంతకం చేసి, గుప్తీకరించి పంపండి’ అని చెప్పారు. పీజీపీ 5.0 సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. మాన్యువల్ కూడా పక్కనే పెట్టారు. 90 నిమిషాల సమయం ఇచ్చారు.

ఆ వ్యవధిలో పని సరిగా పూర్తిచేసినవారు మూడింట ఒక వంతు మంది మాత్రమే. ముగ్గురు పొరపాటున రహస్యాన్ని గుప్తీకరించకుండానే పంపేశారు. ఏడుగురు బృందంలోని వారి కీలకు బదులు తమ సొంత పబ్లిక్ కీతోనే సందేశాన్ని గుప్తీకరించారు. అలా చేస్తే దాన్ని తెరవగలిగేది పంపినవారే. నేను ఆ సోమవారం రెండుసార్లు చేసినది సరిగ్గా ఇదే.

అప్పటి సాఫ్ట్‌వేర్ పాతది కదా అని మీరు అనవచ్చు. 2015లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆనాటికి ఆధునికమైన మెయిల్‌వెలోప్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇటువంటి పరీక్షే జరిపారు. 20 మందిని పది జంటలుగా చేశారు. ఒకరికొకరు గుప్తీకరించిన ఈమెయిల్ పంపుకోవాలి. పది జంటల్లో ఒక్క జంట మాత్రమే పూర్తిచేసింది. ఆ జంటలో ఒకరు పబ్లిక్ కీ పద్ధతి గురించి అంతకు ముందే తరగతిలో చదువుకుని ఉన్నారు. అంటే తెలిసినవారికి తెలిసింది, తెలియనివారికి తెలియలేదు. మార్గదర్శిని ఉండవలసింది ఈ రెండోవారి కోసమే కదా!

విట్టెన్, టైగర్ ఈ వైఫల్యాన్ని ముఖ్యంగా తెరమీది అమరికకు ఆపాదించారు. అది న్యాయమే. తలుపు అడ్డదిడ్డంగా బిగించి, ఎలా తెరవాలో దానిమీద కాగితం అంటించడం పరిష్కారం కాదు. కాని తలుపును మార్చే అధికారం మార్గదర్శిని రాసేవారికి సాధారణంగా ఉండదు. ఉన్న తలుపులోంచే మనిషిని లోపలికి పంపాలి. కాబట్టి ఆ ఏడుగురు తమ కీనే ఎందుకు ఎంచుకున్నారు అన్న ప్రశ్న మనకు ముఖ్యం.

పేరు తెచ్చిపెట్టే చిక్కు

పదవీ విరమణకు కొద్దికాలం ముందు, మా విభాగం వారికోసం గ్నూపీజీ వాడకంపై నేనే ఒక మార్గదర్శిని రాశాను. తొమ్మిది పేజీలు వచ్చింది. మొదటి రెండు పేజీలు ప్రధాన సంఖ్యల గురించి, 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ కనిపెట్టిన ఆర్ఎస్ఏ పద్ధతి గురించి. రాసినందుకు నాకు చాలా తృప్తిగా ఉండేది. మా విభాగంలో సీనియర్ అసిస్టెంట్‌గా పనిచేసే ఒకావిడకు ఇచ్చి, ‘మీరు దీని ప్రకారం చేయండమ్మా, నేను పక్కన కూర్చుంటాను’ అన్నాను. ఆవిడ ఆర్ఎస్ఏ పేజీలను మర్యాదగా తిరగేసి, మూడో పేజీ దగ్గర ఆగారు.

“సార్, పబ్లిక్ కీ అంటే అందరికీ ఇచ్చే తాళంచెవి అని రాశారు కదండీ?”

“అవునమ్మా.”

“తాళంచెవి అందరికీ ఇచ్చేశాక ఇంక తాళం ఎందుకండీ?”

నా దగ్గర జవాబు లేదు. ఉన్న జవాబు ఆర్ఎస్ఏ గురించి. ఆవిడ అడిగినది దాని గురించి కాదు.

ఆవిడ ప్రశ్నలో తప్పేమీ లేదు. తప్పు పేరులో ఉంది. ఇంగ్లీషులో ఆ రెంటినీ ‘కీ’ అనే అన్నారు. 1976లో డిఫీ, హెల్‌మన్ ఈ పద్ధతిని ప్రతిపాదించిన పత్రం గణితం తెలిసినవారికోసం రాసినది. అక్కడ కీ అంటే లెక్కలో వాడే ఒక సంఖ్య. మామూలు మనిషికి కీ అంటే తెరిచేది. కాని పబ్లిక్ కీ సందేశాన్ని తెరవదు, మూస్తుంది. ఇంట్లో ఆ పని చేసే వస్తువుకు మన భాషలో చక్కని పేరే ఉంది. తాళంకప్ప. నొక్కితే చాలు, చెవి లేకుండానే పడిపోయే తాళంకప్పను ఊహించుకోండి. అటువంటి కప్పలను తెరిచి ఉంచి, నాకు తెలిసిన అందరికీ ఒక్కొక్కటి ఇచ్చాను. నాకేదైనా పంపాలనుకున్నవారు దాన్ని పెట్టెలో పెట్టి, నా కప్ప తగిలించి నొక్కుతారు. నొక్కిన తరువాత వారు కూడా తెరవలేరు. తెరిచే చెవి నా జేబులో ఒక్కటే ఉంది. ఈ కప్ప పబ్లిక్ కీ, ఆ చెవి ప్రైవేట్ కీ.

ఇలా చెప్పగానే ఆవిడ, “అయితే మీకు పంపాలంటే నాకు మీ కప్ప కావాలన్నమాట” అన్నారు. ఈ ఒక్క వాక్యం ఆ ఏడుగురికి ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే బాగుండేది. నాకు కూడా.

అయితే ఒక జాగ్రత్త అవసరం. మీరు మార్గదర్శినిలో ఎంత చక్కగా తాళంకప్ప అని రాసినా తెరమీద పబ్లిక్ కీ అనే కనిపిస్తుంది. కాబట్టి మొదటిసారి వాడినప్పుడే ‘తెరమీద పబ్లిక్ కీ అని కనిపించేది మీ తాళంకప్ప’ అని రెంటినీ కలిపి చెప్పాలి. ఆ తరువాత పుస్తకమంతా ఒకే మాట వాడాలి. ఒక పేజీలో బహిరంగ కీలకం, మరో పేజీలో పబ్లిక్ కీ, ఇంకో చోట సర్టిఫికెట్ అని రాస్తే అవి మూడు వేర్వేరు వస్తువులని చదివేవారు అనుకుంటారు. మాటలు మార్చి రాయడం వ్యాసానికి అందం కావచ్చు, ఇక్కడ మాత్రం కీడు చేస్తుంది. మరో సంగతి. తాళంకప్ప పోలిక డిజిటల్ సంతకానికి పనికిరాదు. సంతకం పెట్టేది మన దగ్గర మాత్రమే ఉన్న ప్రైవేట్ కీతో, దాన్ని సరిచూసేది అందరి దగ్గరా ఉన్న పబ్లిక్ కీతో. పోలికను అక్కడిదాకా లాగితే తెగిపోతుంది. సంతకానికి కవరు మీది లక్క ముద్ర పోలిక సరిపోతుంది. దాన్ని మొదటి పాఠంలో చెప్పకుండా వదిలేయడం ఇంకా మంచిది.

క్రమం తెచ్చిపెట్టే చిక్కు

ఇప్పుడు మాన్యువల్ క్రమాన్ని చూద్దాం. దాదాపు ప్రతి మార్గదర్శినీ ఇలా నడుస్తుంది: సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేయండి, మీ కీ జతను సృష్టించండి, పాస్‌ఫ్రేజ్ పెట్టుకోండి, ఇక సందేశాన్ని గుప్తీకరించండి. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఇది సరైన క్రమమే. నేర్చుకునేవారి దృష్టిలో చూడండి. అంతసేపు కష్టపడి ఒక కీ తయారు చేసుకున్నారు. ఆ వెంటనే ‘గుప్తీకరించడానికి కీని ఎంచుకోండి’ అని తెర అడుగుతుంది. దేన్ని ఎంచుకుంటారు? ఇప్పుడే చేసుకున్నదాన్నే. వండిన వెంటనే వడ్డించమంటే వండినదే వడ్డిస్తాం కదా! ఆ ఏడుగురి పొరపాటులో ఈ క్రమానికి పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం.

నిజానికి ఇంకొకరికి గుప్తీకరించి పంపడానికి మన సొంత కీ జత అవసరమే లేదు. వారి పబ్లిక్ కీ ఉంటే చాలు. సొంత జత కావలసింది ఇతరులు మనకు పంపాలన్నప్పుడు, మనం సంతకం చేయాలన్నప్పుడు. మార్గదర్శినిని రెండు పనులుగా విడదీస్తే ఈ సంగతి దానంతటదే తెలుస్తుంది. ‘ఇతరులు మీకు రహస్యంగా రాయాలంటే’ అనేది ఒకటి. అందులో కీ జత చేసుకోవడం, పబ్లిక్ కీని పంచడం ఉంటాయి. ‘మీరు ఇతరులకు రహస్యంగా రాయాలంటే’ అనేది రెండోది. అందులో మొదటి వాక్యమే ‘ముందు వారి పబ్లిక్ కీని వారినుంచి తెప్పించుకోండి’ అని ఉంటుంది. అవతలివారు ఈ సాఫ్ట్‌వేర్ వాడకపోతే మీరు వారికి గుప్తీకరించి పంపలేరు అన్న చేదు నిజం కూడా అక్కడే తేలిపోతుంది. చాలా మాన్యువల్స్ దీన్ని దాచవు గాని, చెప్పడం మరచిపోతాయి.

విభజన సాఫ్ట్‌వేర్ మెనూలను బట్టి కాక మనుషుల పనులను బట్టి ఉండాలన్నది సాంకేతిక రచనలో పాత సూత్రమే. ఐబీఎం పరిశోధన కేంద్రంలో పనిచేసిన జాన్ కెరోల్ 1980లలో, కార్యాలయ ఉద్యోగులు వర్డ్ ప్రాసెసర్ నేర్చుకునే తీరును గమనించాడు. వారు మాన్యువల్‌ను మొదటినుంచి చివరికి చదవరు. మధ్యలోకి దూకుతారు, ఏదో ఒకటి చేసి చూస్తారు, తప్పులో చిక్కుకుంటారు. అక్కడినుంచి బయటపడటానికి మాన్యువల్ సాయం చేయదు. దాన్నుంచి అతడు కనీస మాన్యువల్ అనే పద్ధతిని రూపొందించాడు. ఉపన్యాసం తీసెయ్యాలి, నిజమైన పనితో వెంటనే మొదలుపెట్టించాలి, తప్పులు జరిగే చోట్ల వాటినుంచి బయటపడే దారి రాయాలి. 1990లో వచ్చిన అతని పుస్తకం పేరు ‘ది న్యూరెంబర్గ్ ఫనల్’. తలకు గరాటు పెట్టి విద్యను పోయవచ్చన్న జర్మన్ల పాత వేళాకోళం మీద ఆ పేరు పెట్టాడు. నా తొమ్మిది పేజీలు అటువంటి గరాటే.

మొదటి ఫలితం ఎంత దూరంలో ఉంది?

అమెరికా నిఘా వ్యవహారాలను బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ పేరు మీరు వినే ఉంటారు. 2012 డిసెంబరులో అతడు తన పేరు చెప్పకుండా, సిన్‌సినేటస్ అనే మారుపేరుతో, బ్రెజిల్‌లో ఉండే పాత్రికేయుడు గ్లెన్ గ్రీన్‌వాల్డ్‌కు ఈమెయిల్ రాశాడు. పీజీపీ పెట్టుకుంటే తప్ప అసలు విషయం చెప్పలేనన్నాడు. గ్రీన్‌వాల్డ్ సరేనన్నాడు గాని వాయిదా వేశాడు. అప్పుడు స్నోడెన్ ఒక్కొక్క మెట్టూ వివరిస్తూ సూచనలు పంపాడు. చివరకు పాత్రికేయుల కోసం ఒక వీడియో కూడా తయారు చేసి పంపాడు. అయినా పని జరగలేదు. స్నోడెన్ 2013 జనవరిలో, గుప్తీకరణ అప్పటికే తెలిసిన చిత్ర దర్శకురాలు లారా పోయిట్రస్‌ను ఆశ్రయించవలసి వచ్చింది. ఈ సంగతులను గ్రీన్‌వాల్డే తరువాత తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ శతాబ్దపు పెద్ద వార్తల్లో ఒకటి ఒక ఇన్‌స్టలేషన్ దగ్గర ఆగిపోయింది. గ్రీన్‌వాల్డ్ బద్ధకస్తుడని తేల్చేయడం తేలిక. కాని మార్గదర్శిని రాసేవారు అలా అనుకోకూడదు. అతని ముందు అనేక మెట్లున్నాయి. ఒక్క మెట్టు ఎక్కినందుకు కూడా ఏ ఫలితమూ కనబడదు. అన్నీ పూర్తయ్యాక గాని అవతల ఏముందో తెలియదు. పైగా చేసినది సరిగా చేశామా లేదా అని చూసుకునే దారి లేదు. కూర రుచి చూడకుండా వండమన్నట్టు.

ఈ లోపాన్ని తీర్చిన రెండు మార్గదర్శినులు మీరు గమనించదగినవి. ఒకటి జర్మనీలో తయారైన జీపీజీ4విన్ పుస్తకం. అందులో అడెలె అనే రోబో ఉంది. మనిషి కాదు, ఈమెయిల్‌కు జవాబిచ్చే ప్రోగ్రాము. మీరు అడెలెకు మీ పబ్లిక్ కీ పంపితే, ఆమె మీకు గుప్తీకరించిన జవాబు పంపుతుంది. రెండోది ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2014 జూన్‌లో విడుదల చేసిన ‘ఈమెయిల్ సెల్ఫ్ డిఫెన్స్’ మార్గదర్శిని. అందులో ఎడ్వర్డ్ అనే రోబో అదే పని చేస్తాడు. ఈ ఏర్పాటులోని తెలివి చూడండి. స్నేహితుణ్ని ఒప్పించి సాఫ్ట్‌వేర్ పెట్టించేదాకా ఆగనక్కరలేదు. పదిసార్లు తప్పు చేసినా రోబో విసుక్కోదు, మనం సిగ్గుపడనక్కరలేదు. అన్నిటికంటే ముఖ్యం, జవాబు వచ్చి తెరుచుకుందంటే మీ కీ సరిగా పనిచేస్తున్నట్టే. ‘మీరు సరిగా చేశారు’ అని మార్గదర్శిని చెప్పలేదు, పని ఫలితమే చెప్పింది.

మీరు రాసేదానికి రోబో దొరకకపోవచ్చు. అయినా ప్రతి మెట్టు చివర ‘ఇప్పుడు తెరమీద మీకు ఇది కనిపించాలి, కనిపించకపోతే ఫలానా చోటికి వెళ్లండి’ అన్న రెండు వాక్యాలు రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

తప్పు చేసేది ఒకరు, చూసేది ఇంకొకరు

గుప్తీకరణకు సంబంధించిన ఒక విచిత్రం ఉంది. తప్పు కీతో గుప్తీకరించిన మనిషికి తెరమీద ఏ లోపమూ కనబడదు. సందేశం పంపబడింది అని మామూలుగానే వస్తుంది. లోపం కనబడేది అవతలివారికి. గ్నూపీజీ అయితే, తెరవడం విఫలమైంది, రహస్య కీ లేదు అన్న అర్థం వచ్చే మాట చూపుతుంది. అది చూసినవారు ఏమనుకుంటారు? తమ కీ ఏదో పోయిందనుకుంటారు. కంగారుపడి కొత్త కీ చేసుకుంటారు. దాంతో చిక్కు రెండింతలవుతుంది.

కాబట్టి ఈ లోపానికి వివరణ ఇద్దరికోసం రాయాలి. చూసినవారికి ఇలా: ‘మీ తప్పు కాకపోవచ్చు. పంపినవారు వేరే కీ వాడి ఉండవచ్చు. కొత్త కీ చేసుకోకండి. మీ పబ్లిక్ కీని వారికి మళ్లీ పంపి, దానితో గుప్తీకరించమని అడగండి.’ పంపినవారికి ఇలా: ‘అవతలివారు తెరుచుకోవడం లేదంటే, రహస్యాన్ని మామూలుగా పంపకండి. ముందు మీరు ఎంచుకున్న కీ ఎవరి పేరుతో ఉందో చూడండి.’ ఆ సోమవారం నా పక్కన ఈ రెండు వాక్యాలు ఉన్న కాగితం లేదు.

హెచ్చరికల విషయమూ ఇంతే. కొత్త కీతో గుప్తీకరించబోతే, ఈ కీ నిజంగా ఆ పేరున్న వ్యక్తిదేనని నిశ్చయం లేదు, మీరేం చేస్తున్నారో మీకు నిజంగా తెలిస్తేనే అవును అనండి అని గ్నూపీజీ అడుగుతుంది. మొదటిరోజు నేర్చుకునేవారికి తామేం చేస్తున్నారో నిజంగా ఎలా తెలుస్తుంది? కొందరు భయపడి మానేస్తారు. మిగతావారు అవును అని నొక్కడం అలవాటు చేసుకుంటారు. రెండోదే ప్రమాదం. ఇక్కడ మార్గదర్శిని చేయవలసింది ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకునే పద్ధతి చెప్పడం. ఇప్పుడు విస్తారంగా వాడుకలో ఉన్న కీలకు 40 అక్షరాల వేలిముద్ర ఉంటుంది. తెరమీద సాధారణంగా నాలుగేసి అక్షరాల పది గుంపులుగా చూపిస్తుంది. అవతలివారికి ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టి, ఆ పది గుంపులూ చదివించుకొని సరిచూసుకోవాలి. రెండు నిమిషాల పని. మధ్యలో ఎవరో తమ కీని వారి పేరుతో అంటగట్టలేదని రూఢి అయ్యేది దీనివల్లనే.

వెనక్కి తీసుకోలేనివి

విట్టెన్, టైగర్ తమ పత్రంలో భద్రతకు సంబంధించిన ఒక ప్రత్యేక లక్షణం చెప్పారు. రహస్యం ఒక్కసారి, కాసేపైనా రక్షణ లేకుండా బయటికి వెళితే, దాన్ని ఎవరూ చదవలేదని తరువాత ఎప్పటికీ నిర్ధారించలేం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే లాభం లేదని మనం అనుకునేది ఇదే. మామూలు సాఫ్ట్‌వేర్‌లో తప్పు చేస్తే వెనక్కి తీసుకోవచ్చు. కనుక ‘చేసి చూడండి, తెలుస్తుంది’ అనవచ్చు. కెరోల్ పద్ధతి అక్కడ చక్కగా నడుస్తుంది. ఇక్కడ మాత్రం కొన్ని చోట్ల చేసి చూడనివ్వకూడదు. ముందే ఆపి చెప్పాలి.

అటువంటి చోట్లు ఎక్కువ లేవు. పాస్‌ఫ్రేజ్ మరచిపోతే తిరిగి ఇచ్చేవారు ఎవరూ లేరు. బ్యాంకు వెబ్‌సైటులో ఉండే ‘పాస్‌వర్డ్ మరచిపోయారా’ అన్న మాట ఇక్కడ ఉండదు. దీన్ని చివరి అధ్యాయంలో కాక, పాస్‌ఫ్రేజ్ పెట్టుకునే మెట్టుకు ముందు రాయాలి. ప్రైవేట్ కీ ఉన్న కంప్యూటర్ పాడైతే పాత సందేశాలన్నీ శాశ్వతంగా మూసుకుపోతాయి కాబట్టి దాని నకలు వేరేచోట దాచాలి. ఇతరులకు పంపే ఫైలు పబ్లిక్ కీయేనా, ప్రైవేట్ కీ కాదు కదా అని పంపే ముందు చూసుకోవాలి. సందేశం గుప్తమైనా ఎవరు ఎవరికి, ఎప్పుడు పంపారో గుప్తం కాదు. విషయం వరుసలో రాసినదాన్ని కొన్ని ప్రోగ్రాములు ఇప్పుడు దాచుతున్నా అన్నీ దాచవు. ‘సెమిస్టర్ 3 గణితం ప్రశ్నపత్రం’ అని విషయం వరుసలో రాసి, లోపలిది గుప్తీకరించి ఏం ప్రయోజనం?

మరి వాట్సాప్ ఇవేవీ అడగకుండానే గుప్తీకరిస్తోంది కదా అని మీలో కొందరికి సందేహం రావచ్చు. నిజమే. అక్కడ రెండు వైపులా ఒకే సంస్థ సాఫ్ట్‌వేర్ ఉంటుంది కాబట్టి కీల వ్యవహారమంతా అది తెరవెనుక నడుపుతుంది. ఈమెయిల్‌లో ఇద్దరు రెండు వేర్వేరు సంస్థల సేవలు వాడుతూ ఉండవచ్చు. ఈమెయిల్ వైపు కూడా కొంత మెరుగైంది. థండర్‌బర్డ్‌లో గుప్తీకరణకు ఒకప్పుడు ఎనిగ్‌మెయిల్ అనే అనుబంధాన్ని వేరుగా పెట్టుకోవలసి వచ్చేది. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి అది థండర్‌బర్డ్‌లోనే కలిసి ఉంది. దాంతో మార్గదర్శినుల్లో కొన్ని పేజీలు తగ్గాయి. పాత పేజీలు తీసెయ్యకుండా వదిలేసినవారూ ఉన్నారు. లేని అనుబంధం కోసం వెతికి వెతికి విసిగిపోయే కొత్తవారికి ఆ సాఫ్ట్‌వేర్ మీద నమ్మకమే పోతుంది. మార్గదర్శిని మొదటి పేజీలో అది ఏ వెర్షన్‌కు, ఏ నెలలో సరిచూశారో రాయడం అందుకే అవసరం.

పక్కన కూర్చోవడం

మా సీనియర్ అసిస్టెంట్ గారి ప్రశ్న తరువాత నా తొమ్మిది పేజీలను రెండు పేజీలకు కుదించాను. ఆర్ఎస్ఏ పోయింది. తాళంకప్ప వచ్చింది. రెండు పనులు విడివిడిగా వచ్చాయి. వారం తరువాత మళ్లీ ఆవిడ పక్కన కూర్చున్నాను. ఈసారి నోరు విప్పకూడదని ముందే అనుకున్నాను. ఇది వినడానికి తేలికగా ఉంటుంది గాని, 30 ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి చాలా కష్టం. ఆవిడ మౌస్ తప్పు బొత్తాము మీదికి వెళ్తుంటే నాలుక చివరిదాకా మాట వచ్చేది. ఒక కాగితం మీద ఆవిడ ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్లి చదివారు, ఏ మాటను పైకి చదువుకున్నారు అని మాత్రం రాసుకున్నాను.

నాకు సందేశం సరిగ్గా గుప్తీకరించి పంపారు. నేను గుప్తీకరించి జవాబిచ్చాను. దాన్ని తెరిచి చదివి సంతోషించి, వెంటనే ‘థాంక్యూ సార్’ అని తిరుగు జవాబు పంపారు. ఆ జవాబు గుప్తీకరించి లేదు. దాని కింద, ఈమెయిల్ అలవాటు ప్రకారం, నేను రహస్యంగా రాసినదంతా మామూలు అక్షరాల్లో అతుక్కుని వచ్చింది.

నా రెండు పేజీల్లో ఎక్కడా తిరుగు జవాబు గురించి రాయలేదు. నాకు అది తట్టనే లేదు. ఆ వాక్యం చేర్చి, మూడోసారి ఇంకొకరిని కూర్చోబెట్టాను. వారు వేరేచోట ఆగారు.

అభ్యాసం

మీ ఇంట్లో లేదా మీ అధ్యయన కేంద్రంలో ఇంతవరకు గుప్తీకరణ వాడని ఒకరిని ఎంచుకోండి. కంప్యూటర్ సదుపాయం లేకపోతే, మీ ఫోనులో వారు ఎన్నడూ వాడని ఏదైనా ఒక పని తీసుకోండి. ఆ పనికి ఒక పేజీకి మించని మార్గదర్శిని రాయండి. వారికి ఇచ్చి, పక్కన కూర్చుని, 20 నిమిషాలపాటు ఏమీ మాట్లాడకండి. వారు ఏదైనా అడిగితే ‘కాగితంలో ఏముందో చూడండి’ అని మాత్రం చెప్పండి. వారు ఆగిన ప్రతి చోటునూ, వారు పైకి అన్న మాటలను అన్నట్టుగానే రాసుకోండి. తరువాత మీ మార్గదర్శినిని తిరగరాసి, పాత ప్రతిని, కొత్త ప్రతిని, మీరు రాసుకున్న కాగితాన్ని కలిపి మీ కౌన్సెలర్‌కు సమర్పించండి. రాసుకున్న కాగితం మాసిపోయి ఉన్నా, కొట్టివేతలు ఉన్నా ఫరవాలేదు. దాన్ని సాఫుగా తిరిగి రాయకండి.